పేరు పెట్టి చెప్పని జబ్బు

నాకు నోటి దురుసు. గొప్పగా చెప్పుకోవడం లేదు, నాతో పనిచేసిన వాళ్ళందరూ అన్న మాటే రాస్తున్నాను. తొంభైల చివర్లో కళ్యాణదుర్గం సర్కారు ఆసుపత్రిలో సర్జన్‌గా ఉన్నప్పుడు, జనం నా గదిలోకి వచ్చే ముందు బయటున్న నర్సును పట్టుకుని, ఈ పొద్దు సారు ఎట్లుండాడని అడిగి గానీ గడప దాటేవాళ్ళు కాదు. ఆ నర్సు నాకన్నా పదేళ్ళ ముందు నుంచీ ఆ ఆసుపత్రిలో ఉంది. ఆ ఊరి ముస్లిం కుటుంబంలో పుట్టి, ఆ ఊళ్ళోనే సగం మందికి పురుళ్ళు పోసిన మనిషి. అందరూ సిస్టరమ్మ అనేవాళ్ళు, నేనూ అట్లాగే పిలిచేవాణ్ణి. నన్ను కసురుకునే ధైర్యం ఆసుపత్రి మొత్తంలో ఆమె ఒక్కదానికే ఉండేది.

ఆ ఏడు ఎండాకాలంలో ఒక ముసలాయనకు గొంతులో క్యాన్సర్ అని తేలింది. ఉన్నదున్నట్టు మొహాన చెప్పేశాను. ఆయన ఇంటికి పోయి, అన్నం మానేసి మంచమెక్కి, ఇచ్చిన మందు ఒక్కటీ ముట్టకుండా నెల తిరక్కముందే పోయాడు. ఆ కబురు వచ్చిన రోజు సిస్టరమ్మ నన్ను దులిపేసింది. జబ్బు కన్నా ముందు నా మాటే ఆయన్ను తీసుకుపోయిందని, మనుషులకు చెప్పే తీరు ఒకటుంటుందని, అది కాలేజీలో నేర్పలేదా అని అడిగింది. నాకు రోషం వచ్చింది. అయినా ఇకమీదట ఇట్లాంటివి మెత్తగా చెప్పాలని నాలో నేనే ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు ఎవరి నెత్తిన పడిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

కుందుర్పి పక్క పల్లె నుంచి ఒకతను వచ్చాడు. ఇరవై మూడేళ్ళు, లారీ డ్రైవరు. వేరుశనగ మూటలు వేసుకుని బళ్ళారికి, చళ్ళకెరెకు తిరిగేవాడు. పొద్దున్నే మొదటి బస్సుకు వాళ్ళ నాయన పట్టుకుని దించాడు. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఉచ్చ బిగబట్టుకుపోయి, పొత్తికడుపు కుండలా ఉబ్బి, నడుం ఎత్తలేకపోతున్నాడు. వెనకాల భార్య. పెళ్ళయి ఎనిమిది నెలలు. భర్త చేతిసంచి గుండెకు హత్తుకుని, ఎవరేం చెబుతారోనని అందరి మొహాలూ చూస్తూ నిలబడింది.

మూడు నెలలుగా ధార సన్నబడిందట. మా సీమలో ఒంటికి ఏమొచ్చినా ముందు వేడి చేసిందంటాం. రోజంతా ఇంజను పక్కన కూర్చునేవాడికి వేడి కాక ఏం చేస్తుంది? మజ్జిగ, బార్లీ, నానబెట్టిన సబ్జా గింజలు, బొడ్డులో ఆముదం, అన్నీ అయ్యాయి. తగ్గకపోయేసరికి ఊళ్ళో సూదిమందు వేసే ఆయన కన్నుగీటి, ఇది సుఖవ్యాధేనని నిర్ణయించి పది సూదులు పొడిచాడు. లారీ డ్రైవరు కాబట్టి ఇక ఎవరూ వేరే ప్రశ్న వేయలేదు.

నేనూ వేయలేదు. పెళ్ళికి ముందు ఎక్కడెక్కడ తిరిగావో చెప్పమన్నాను. యాడా తిరగలే సార్ అన్నాడు. తిరగని డ్రైవరు ఎవరుంటాడని లోపల్లోపల నవ్వుకున్నాను. పాత సుఖవ్యాధి వల్ల దారి మూసుకుపోయి ఉంటుందనుకుని గొట్టం వేశాను. గొట్టం ఎక్కడా తట్టుకోకుండా లోపలికి జారిపోయింది. దారి మూసుకుపోయినవాడికి గొట్టం అంత సులభంగా ఎట్లా పోతుంది? అక్కడే నా బుర్ర పనిచేయాల్సింది, పనిచేయలేదు. లీటరు పైన దిగింది. అతను సుఖానికి ఏడ్చేశాడు. మూడోరోజు గొట్టం తీసేసి, మాత్రలిచ్చి పంపించాను.

సరిగ్గా పదిహేను రోజులకు మళ్ళీ అదే బస్సులో, అదే కడుపుతో వచ్చాడు. సిస్టరమ్మ గొట్టం, గిన్నె సిద్ధం చేస్తూ, ఈసారన్నా పూర్తిగా చూడండి సార్ అంది. పూర్తిగా అంటే ఏమిటో నాకు అర్థమైంది. మలద్వారం లోంచి వేలు పెట్టి ప్రోస్టేట్ గ్రంథిని తడిమి చూడాలి. మొదటిసారి అది ఎగ్గొట్టాను. ప్రోస్టేట్ అంటే ముసలివాళ్ళ బాధ, ఇరవై మూడేళ్ళవాడికి ఏముంటుందిలే అనుకున్నాను. పైగా మా దగ్గర మగవాళ్ళు ఆ పరీక్షకు ఒప్పుకోరు. అతనూ ఒప్పుకోలేదు. మొగోణ్ణి సార్, అట్లాటివి వద్దు సార్ అని నా చెయ్యి పట్టుకున్నాడు. కసిరాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ వయసులో ప్రోస్టేట్ ఉసిరికాయంత ఉండాలి, మెత్తగా ఉండాలి. నా వేలికి తగిలింది కమలాపండంత ఉంది. పై అంచు అందలేదు. గట్టిగా, గడ్డలు గడ్డలుగా, దారిని నాలుగువైపుల నుంచీ నొక్కేస్తోంది. చేతి తొడుగు విప్పుతూ సిస్టరమ్మ వైపు చూశాను. ఆమె నెత్తురు తీసే సూది అందుకుంది.

ప్రోస్టేట్ క్యాన్సర్‌ను పసిగట్టే రక్తపరీక్ష ఒకటి అప్పటికే వచ్చింది. మా జిల్లాలో చేసేవాళ్ళు లేక బెంగళూరుకు పంపాను. మామూలుగానే ఉందని వచ్చింది. రెండు రోజులు హాయిగా తిరిగాను. చీముగడ్డ అయి ఉంటుంది, కోసి తీసేద్దాం అనుకున్నాను. మరి చీముగడ్డకు జ్వరం ఉండాలి కదా? నొప్పికి ముట్టుకోనివ్వకూడదు కదా? మూడోరోజు పాత పాఠ్యపుస్తకం దుమ్ము దులిపి తీశాను. ముసలివాళ్ళ ప్రోస్టేట్ గురించి ముప్పై పేజీలు. చివర చిన్న అక్షరాల్లో నాలుగు వాక్యాలు. ఎప్పుడో అరుదుగా కుర్రవాళ్ళలో వచ్చే క్యాన్సర్ గ్రంథి కణాల్లో కాక కండ కణాల్లో పుడుతుంది, అందుకని ఆ రక్తపరీక్షలో తేడా కనిపించదు. ఆ నాలుగు వాక్యాలు పదిసార్లు చదివి ఉంటాను. పరీక్ష రాసిన రోజుల్లో దాటేసిన వాక్యాలవి.

వేలి ఆధారంతో సూది గుచ్చి నాలుగు ముక్కలు తీశాను, సేమ్యా తునకలంత ఉన్నాయి. మందునీళ్ళ సీసాలో వేసి, మూతకు మైనం పెట్టి, బెంగళూరు బస్సు కండక్టరు చేతికిచ్చాను. అక్కడ నా కాలేజీ స్నేహితుడు అట్లాంటి ముక్కల్ని చూసి జబ్బు తేల్చే డాక్టరు. తొమ్మిదోరోజు ఫోను చేశాడు. వయసు సరిగ్గానే రాశావా అని మొదట అడిగాడు. ఇది పసిపిల్లల్లో చూసే క్యాన్సరని, నమ్మలేక మరో ఇద్దరికి చూపించానని అన్నాడు. పిల్లల్లోనైతే మందులకు బాగా లొంగుతుంది, పెద్దవాళ్ళలో అంత ఆశ లేదు. కానీ ఒక్కచోటే ఉన్నంతవరకు మందులు, రేడియేషన్ అనే కరెంటు వైద్యం కలిపి ఇస్తే బతికించుకోవచ్చు. ఇది వారాల లెక్కన పెరుగుతుంది, రేపే పంపెయ్ అన్నాడు. మా దగ్గర తీసిన ఛాతీ ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. అంటే అతని ప్రాణానికి దారి ఉంది, ఆలస్యం మాత్రం ఉండకూడదు.

ముగ్గుర్నీ గదిలో కూర్చోబెట్టాను. సిస్టరమ్మ ఆ సమయానికి కాన్పు గదిలో ఉంది. నాకు ఆ ముసలాయన, నేను పెట్టుకున్న ఒట్టు గుర్తొచ్చాయి. క్యాన్సర్ అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను.

"ఆ జబ్బే అని తేలిందప్పా," అన్నాను, ఎంత మెత్తగా అనగలనో అంత మెత్తగా.

వాళ్ళ నాయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఆ జబ్బంటే... ఆ జబ్బేనా సార్?"

"ఆ జబ్బే. పేరెందుకులే ఇప్పుడు. భయపడాకండి, బెంగుళూరులో మందులుండాయి."

"ఇది యాడ తగులుకొనింటాది సార్?"

"అది తవ్వుకుంటే ఏమొస్తాది? జరగాల్సింది చూడండి."

ఇంకో మాట కూడా అన్నాను. గొట్టం ఉంది, లోపల సూదిగాయం ఉంది కాబట్టి, కొన్నాళ్ళు మీరిద్దరూ దూరంగా ఉండాలమ్మా అని ఆ అమ్మాయికి చెప్పాను. ఎందుకో చెప్పలేదు, మర్యాద కాదనుకున్నాను. ఆమె కుర్చీలోంచి లేచి, గోడకు ఆనుకుని నిలబడింది. అతను నేల చూస్తూ ఉండిపోయాడు. ఎవరూ ఏడవలేదు, కేకలు లేవు. బెంగళూరు ఆసుపత్రికి ఇంగ్లీషులో ఉత్తరం రాసి, అంటించి, చేతిలో పెట్టాను. గుమ్మం దాకా సాగనంపాను కూడా. ఎంత బాగా చెప్పానో అని మధ్యాహ్నం దాకా నన్ను నేనే మెచ్చుకున్నాను.

ఐదు వారాలు గడిచాయి. అతను బెంగళూరులో మందులు ఎక్కించుకుంటున్నాడనే అనుకున్నాను. వేరే పని మీద స్నేహితుడికి ఫోను చేసి, మనవాడు ఎట్లా ఉన్నాడని అడిగితే, అట్లాంటి మనిషి ఎవరూ ఇక్కడికి రాలేదన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ జనం బాగుపడరని, ఏ తాయెత్తు కట్టే వాడి దగ్గరికో పోయి ఉంటారని, చెప్పిన మాట వినని వాళ్ళకు వైద్యం చేయడం నాదే బుద్ధితక్కువని ఫోను పెట్టేసి ఆసుపత్రంతా వినబడేట్టు తిట్టాను.

సిస్టరమ్మ తలుపు దగ్గరగా వేసి లోపలికి వచ్చింది. సిస్టరమ్మ చుట్టం ఒకామె కుందుర్పి సంతలో గాజులమ్ముతుంది. ఆమె చెప్పిందట. ఆ డ్రైవర్ని చేనులో మోటారు కొట్టంలో పెట్టారు. కంచం వేరు, చెంబు వేరు. అతని భార్యను వాళ్ళ అన్నలు వచ్చి పుట్టింటికి, విడపనకల్లుకు తీసుకుపోయారు. ఊరంతా అతనికి ఎయిడ్స్ అంటున్నారు.

"సార్, మీరు వాళ్ళకు ఏ మాట చెప్పినారు?" అని అడిగింది.

చెప్పిన మాట చెప్పినట్టు అప్పజెప్పాను. ఆమె రోగుల స్టూలు మీద కూలబడింది.

"ఆ జబ్బంటే ఈడ ఒకటే గదా సార్," అంది.

నిజం. ఆ రోజుల్లో బస్టాండు గోడల మీద, సినిమాహాలు ముందర, లారీలు ఆగే టీకొట్ల దగ్గర ఎక్కడ చూసినా ఎయిడ్స్ బొమ్మలే. డ్రైవర్ల కోసం ప్రత్యేకంగా లారీ బొమ్మ వేసి మరీ రాయించారు. ఎయిడ్స్ అని నోటితో అనడానికి భయపడి జనం ఆ జబ్బు అనేవాళ్ళు. నేను కోస్తా నుంచి వచ్చినవాణ్ణయితే తెలియలేదనుకోవచ్చు. ఈ జిల్లాలో పుట్టి పెరిగినవాణ్ణి, నేనే ఆ మాట అట్లా వంద సార్లు అని ఉంటాను. లారీ డ్రైవరు, చెప్పుకోలేని చోట జబ్బు, యాడ తగులుకునిందంటే తవ్వొద్దన్న డాక్టరు, ఆలుమగలు దూరంగా ఉండాలన్న డాక్టరు. వాళ్ళు ఇంకెట్లా అర్థం చేసుకోవాలి? బతుకంతా మొహాన కొట్టినట్టు మాట్లాడినవాణ్ణి, ఒక్కసారి మెత్తగా మాట్లాడితే ఇంత పని జరిగింది.

మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను. సిస్టరమ్మ నేనూ వస్తానంది, వద్దనలేదు. కుందుర్పిలో దిగి షేర్ ఆటోలో ఆ పల్లెకు పోయేసరికి పదకొండయింది. వాళ్ళు చేనులో ఉన్నారు. వానలు ఎగ్గొట్టిన ఏడు, వేరుశనగ మొక్కకు నాలుగు కాయలు కూడా లేవు. నలుగురైదుగురు కూర్చుని కాయ వలుస్తున్నారు. మమ్మల్ని చూసి వాళ్ళ నాయన లేచి నిలబడ్డాడు గానీ, ఒక్క అడుగు ముందుకు వేయలేదు. వేలితో మోటారు కొట్టం చూపించాడు.

బోరు ఎండిపోయి మోటారు పీకేసిన కొట్టం అది. తలుపు లేదు. లోపల నులకమంచం, కింద బోర్లించిన కంచం, ఒక చెంబు. నేను వేసిన గొట్టమే ఇంకా ఉంది, ఎప్పుడో మార్చాల్సింది. వాసన బయటికే వచ్చింది. ఎడమకాలు తొడ దాకా వాచింది. నన్ను చూసి లేవబోయాడు. పడుకోమన్నాను. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"నేను యాడా తిరగలే సార్," అన్నాడు. "మా అమ్మ మీద ఒట్టు. అయినా మీరు చదువుకున్నోళ్ళు, మీరు చెప్పినారంటే నేనే ఏదో తప్పు చేసింటా, గుర్తులేదేమో అనుకున్న్యా."

ఆ గుమ్మంలోనే కూర్చున్నాను. తర్వాత లేచి, చేనులో వాళ్ళందరికీ వినబడేట్టు అరిచాను.

"క్యాన్సర్ రా నీకు. ఎయిడ్స్ కాదు. క్యాన్సర్. తప్పు నువ్వు చేయలే, సరిగ్గా చెప్పలేక నేను చేసినా."

వాళ్ళ నాయన పరుగెత్తుకుని వచ్చాడు. ఆ మొహం నేను చచ్చేదాకా మరిచిపోను. ముప్పై ఏళ్ళ వైద్యంలో ఆ మాట విని సంతోషించిన మనిషిని ఆ ఒక్కణ్ణే చూశాను.

"క్యాన్సరేనా సార్? ఒట్టి క్యాన్సరేనా?" అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. కొడుకు తల ఒళ్ళోకి లాక్కుని ఏడ్చాడు. పొలంలో వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కొట్టం చుట్టూ నిలబడ్డారు. సిస్టరమ్మ మంచం కింద నుంచి చెంబు తీసుకుని, అందులో ఉన్న నీళ్ళు వాళ్ళందరి ఎదుటా గటగటా తాగింది. ఎయిడ్సే అయినా ఇట్ల తాగితే ఏమీ కాదు, మనిషిని ఇట్ల పారేయాల్సిన పని లేదని వాళ్ళకు చెప్పింది. ఆ గొట్టం ఆమే మార్చింది.

ఆ సాయంత్రమే వాళ్ళ నాయన విడపనకల్లు పోయి కోడల్ని పిలుచుకొచ్చాడు. రెండోరోజు కళ్యాణదుర్గం బస్టాండులో ఆమె నా ఎదుట నిలబడింది. ఈ ఐదు వారాల్లో పుట్టింటివాళ్ళు ఆమె నెత్తురు రెండుసార్లు పరీక్ష చేయించారట. ఏమీ లేదని వచ్చినా, వదినలు ఆమెను వంటింట్లోకి రానివ్వలేదట. నాతో ఒక్కమాటే మాట్లాడింది.

"ఆ పొద్దే మీరు క్యాన్సరని అనింటే, నేను ఆయన పక్కనే ఉందును గదా సార్."

బస్సు వచ్చింది. నలుగురం ఎక్కాం. ఈసారి ఉత్తరం రాయలేదు, నేనే తీసుకుపోయాను. దారి పొడుగునా అతని వాచిన కాలు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది ఆమె. అతను నిద్రపోయాడు. నేను మనసులో వారాలు లెక్కపెట్టుకుంటూ, ఇంకా ఒక్కచోటే ఉండి ఉంటుందని, ఉండకపోతే ఎట్లా అని, దేవుణ్ణి నమ్మనివాణ్ణి అందరు దేవుళ్ళకూ మొక్కాను.

బెంగళూరులో స్కాన్ తీశారు. రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలున్నాయి.

అక్కడి పెద్ద డాక్టరు నాకన్నా వయసులో చిన్నవాడే, తెలుగు బాగానే వచ్చినవాడు. ఫిల్ము వెలుతురుకు పెట్టి చూశాడు. మా దగ్గర తీసిన పాత ఎక్స్‌రే పక్కన పెట్టి చూశాడు. తర్వాత ముక్క పరీక్ష రిపోర్టు మీద తేదీ చూసి, గోడమీద క్యాలెండరు చూశాడు. అప్పుడొచ్చి ఉంటే మొత్తం నయం చేయడానికే చూసేవాళ్ళమని, ఇప్పుడు కొంతకాలం పొడిగించడమే మా చేతిలో ఉందని ఇంగ్లీషులో నాతో అన్నాడు. ఆరు వారాలు ఏం చేశారు, ఎందుకు రాలేదు అని నా మొహంలోకి చూసి తెలుగులో అడిగాడు.

నేను నోరు తెరిచే లోపల మంచం మీద నుంచి అతను అందుకున్నాడు.

"మా సారు అప్పుడే పొమ్మని చెప్పినారు సార్. ఉత్తరం గూడా రాసిచ్చినారు. చేనులో చెనక్కాయ పెరికే పనుండి నేనే రాలే."

పెద్ద డాక్టరు కోపం పట్టలేకపోయాడు. ప్రాణం కన్నా కాయ ఎక్కువైందా అని, చదువు లేకపోతే పోయింది, బుద్ధన్నా ఉండాలి కదా అని అందరి ముందూ కడిగేశాడు. అతను తలొంచుకుని అన్నీ పడ్డాడు. భార్య ఏదో అనబోతే, చేత్తో ఆగమన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. చెప్పడానికి నాకు కావలసినంత సమయం ఉంది. చెప్పలేదు.

తర్వాత వరండాలో అతని చక్రాల కుర్చీ నేనే తోసుకుంటూ పోయాను. ఎవరూ లేని చోట ఆపి, ఎందుకట్ల చెప్పినావప్పా అని అడిగాను.

"మీరు మళ్ళా ఆడికే పోవల్ల గదా సార్," అన్నాడు. "మీ మీద నమ్మకం పోతే మావోళ్ళు యాడికి పోతారు?"

మందులకు మొదట బాగానే లొంగింది. గొట్టం లేకుండా ఉచ్చ పోసిన రోజు, లారీ స్టీరింగు తిప్పుతున్నట్టు చేతులు తిప్పి చూపించి నవ్వాడు. పదకొండు నెలలు బతికాడు. చివరి దాకా ఆమె అతని పక్కనే ఉంది. అతని మాట నిలబెట్టడానికేమో, నన్ను ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత కళ్యాణదుర్గంలో ఇంకో ఎనిమిదేళ్ళు చేశాను. ఆ పల్లె జనం నా దగ్గరికే వచ్చారు. బెంగళూరు ఆసుపత్రి వాళ్ళు నాకు పంపిన కేసు కాగితాల నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది. పొలం పనుల వల్ల రోగి స్వయంగా ఆలస్యం చేశాడని అందులో రాసి ఉంది. తీసుకొచ్చిన డాక్టరు అని కింద నా సంతకం ఉంది. దాన్ని నేను దిద్దించలేదు.